ఒకవైపే అచ్చేసిన నోట్లు

దుర్గ్ స్టేషన్లో బొంబాయి మెయిలు గంట ఆలస్యమని మైకులో చెప్పేసరికి హైమవతికి ముందుగా తోచిన మాట, ఇంకో గంటసేపు ఈ మొహాన్ని ఇలాగే మొయ్యాలా భగవంతుడా అని. పొద్దున్నే క్వార్టరు తలుపుకి తాళం వేసినప్పటి నుంచీ ఆ మొహాన్ని నిండుబిందెలా తొణక్కుండా మోసుకొచ్చింది. రైలు వస్తుంది, పిల్ల ఎక్కుతుంది, కిటికీలోంచి చెయ్యూపుతుంది, ఆ పైన బిందె దించేసుకోవచ్చు, పగలగొట్టుకున్నా అడిగేవాళ్ళుండరు అనుకుంది. ఇప్పుడేమో ఆ మైకులో ఆడమనిషి ఖేద్ హై, ఖేద్ హై అని రెండుసార్లు చెప్పి చక్కా పోయింది. ఆ గొంతులో విచారం ఆవగింజంతయినా లేదు. పక్కన ట్రంకు పెట్టె మీద కూర్చున్న ఛాయ వాచీ చూసుకుంది, తల్లి మొహం చూసింది, మళ్ళీ వాచీ చూసుకుంది. ఆ చూపు సంగతి హైమవతికి తెలుసు. నిన్న బట్టలు సర్దుతూ చెప్పనే చెప్పింది కదా, "అమ్మా, సాఫ్ చెప్తన్నాను. రేపు స్టేషన్లో నీ మొహం డీలా పడిందనుకో, నేను పెట్టె దింపేస్తాను. ఢిల్లీ అప్పుడేటయిందో గుర్తుంది కదా. ఫిర్ ఖతమ్. జిందగీ భర్ నీ పక్కనే కూచుని ఆవకాయ జాడీలు తుడుస్తాను" అని. నవ్వుతూనే అంది. అది నవ్వులాట కాదని ఇద్దరికీ తెలుసు. రిజర్వు బ్యాంకులో ఆఫీసరు ఉద్యోగం. ఎందరో రాస్తే ఏ కొద్దిమందికో వచ్చేదట. అలాంటిది ఇప్పుడు ఈ ప్లాట్‌ఫారం మీద, తన కనుబొమ్మల మధ్య ముడిపడకుండా ఉండటం మీద ఆధారపడి ఉంది.

ఢిల్లీ మాట ఎత్తకపోయినా బాగుండేది. పిల్లకి అక్కడ ఎమ్మే సీటు వచ్చినప్పుడు హైమవతి వద్దని ఒక్క మాట అనలేదు, అది తల్చుకునే ఇన్నాళ్ళూ తనని తాను సమర్థించుకుంది. అనలేదు గానీ ప్రయాణం రోజు పొద్దున్న ఒళ్ళు పేలిపోయేలా జ్వరం వచ్చింది. భయానికి జ్వరమేమిటమ్మా అని డాక్టరు నవ్వాడు, థర్మామీటరు మాత్రం నవ్వలేదు. గుమ్మంలో చెప్పులు తొడుక్కున్న పిల్ల, వాటిని విప్పేసి, మూలన సర్ది, లోపలికొచ్చి తడిగుడ్డ పిండి తల్లి నుదుటి మీద వేసింది. ఆ గుడ్డ చల్లదనం ఇప్పటికీ నుదుటి మీద ఉంది. తరవాత ఛాయ రాయపూర్‌లో చేరింది, రోజూ ఇంటి దగ్గర సుపేలాలో బస్సెక్కి వెళ్ళి రావడం, హైమవతి ఇంట్లో పప్పు పొయ్యి మీద పెట్టి ఆ బస్సుతోబాటు మనసులో ప్రయాణం చెయ్యడం. ఇప్పుడు కుమ్హారి దాటి ఉంటుంది, ఇప్పుడు ఖారూన్ వంతెన మీద ఉంటుంది, వంతెన గోడ ఎంత పొట్టిదో, డ్రైవరు రాత్రి నిద్రపోయాడో లేదో, పప్పు ఉడికేసరికి బస్సు రాయపూర్ చేరిపోయేది, గుండె తిరిగి తన చోటికొచ్చి కూర్చునేది. ఆ రోడ్డు మీద ఆమెకి తెలియని గుంట లేదు, ఒక్కనాడూ ఆ బస్సెక్కకుండానే. కానీ ఇవాళ రైలు వెళ్ళేది అటు కాదు, ఇటు. ఇటువైపు ఆమెకి ఒక్క ఊరూ తెలియదు. భయపడటానికైనా ఊళ్ళ పేర్లు తెలియాలి కదా. ఏమీ తెలియకపోతే భయం ఎక్కడ ఆగాలో తెలియక తిన్నగా బొంబాయి దాకా పోయి సముద్రంలో పడుతోంది.

"ఏవండీ, ఇక్కడ్నుంచి బొంబాయికి మధ్యలో ఏ ఊళ్ళొస్తాయి?"

మంచినీళ్ళ కూజాతో అప్పుడే వచ్చిన సత్యమూర్తి దాన్ని జాగ్రత్తగా కిందపెట్టాడు. ఆయన ఉక్కు ప్లాంటు రైలుమిల్లులో ఛార్జిమాన్, పట్టాలు చేసే మనిషి. "రాజనందగాఁవ్, డోంగర్‌గఢ్, గోందియా, నాగపూర్. ఆ తరవాతివి నాకూ తెలీవు. ఏటీ, ఇప్పుడెందుకవి?"

"ఊరికే."

"భయపడకే పిచ్చిదానా. బొంబాయి దాకా మా మిల్లు పట్టాలే అనుకో. మేం చేసిన పట్టా మీంచి ఏ బండీ పడదు."

ఆ మాటతో ఆమె గుండె ఇంకాస్త జారింది. ఇంట్లో క్యాలెండరుకి మేకు తిన్నగా కొట్టలేని మనిషి. పైకి మాత్రం "అవునండీ" అంది, రాజనందగాఁవ్, డోంగర్‌గఢ్, గోందియా, నాగపూర్ అని లోపల నాలుగుసార్లు వల్లించుకుంది, సంధ్యవేళ దేవుడి దగ్గర నామాలు చదువుకున్నట్టు. ఛాయ చూస్తోందేమోనని ఓరగా చూస్తే, పిల్ల రేగుపళ్ళ బుట్ట పెట్టుకుని కూర్చున్న ముసలమ్మతో బేరమాడుతోంది. "థోర్‌కిన్ అవుర్ దే నా దాయీ" అని ఛత్తీస్‌గఢీలో గారాలు పోతోంది, ముసలమ్మ పళ్ళులేని నోటితో నవ్వుతూ ఇంకో గుప్పెడు వేసింది. ఇక్కడే పుట్టిన పిల్ల. ఈ గాలి, ఈ ఎర్రదుమ్ము, ఈ భాషలు దాని సొంతం. తనకే, ఇన్నేళ్ళున్నా, అరువు తెచ్చుకున్న ఊరిలా ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో బొబ్బిలి నుంచి వచ్చిన మొదటి రాత్రి ఆకాశం సగం ఎర్రబడితే, ఊరంటుకుందని ఇంకా తాడు విప్పని ట్రంకు పెట్టె మీద కూర్చుండిపోయింది. ప్లాంటులో కరిగిన ఇనప చిట్టెం పారబోస్తున్నార్రా బాబూ అని ఆయన ఎంత చెప్పినా తెల్లారేదాకా దిగలేదు. ఆ తరవాత ఎన్నేళ్ళకో ఒక రాత్రి ఆకాశం ఎర్రబడకపోతే, ఏమయిందో ప్లాంటుకి, ఏమయిందో ఆయనకి అని గేటు దగ్గర నిలబడిపోయింది. ఎర్రబడినా భయమే, ఎర్రబడకపోయినా భయమే. అమ్మ జోగమ్మ అనేది, కీడెంచి మేలెంచమన్నార్రా పెద్దలు, ఇదేమో కీడెంచి ఊరుకుంటుంది, మేలు ఎంచడానికి తీరిక ఉండదు దీనికి అని.

ఆ ట్రంకు పెట్టే ఇది. ఇప్పుడు దీనిమీద ఛాయ కూర్చుంది, లోపల చీరల మధ్య జపాను తాతగారి పుస్తకం ఉంది.

జపాను తాతగారంటే ఆ దేశపు పెద్దబ్యాంకు, మనకి రిజర్వు బ్యాంకులాంటిదట, దానికి యుద్ధాల ముందు కాలంలో గవర్నరు చేసినాయన. ఆయన అసలు పేరు హైమవతికి నోరు తిరగదు. రాయపూర్‌లో ఎమ్మేకి ఛాయ ఆయన మీద వ్యాసం రాయాలి. పక్కింటి గురుమూర్తిగారు ప్లాంటు ఫైనాన్సులో ఆఫీసరు, ఆయన ఎక్కడినుంచో పుస్తకం తెచ్చిచ్చారు. పిల్ల చదివింది చదివినట్టు వంటింట్లో పీట వేసుకుని కూర్చుని చెప్పేది, "నీకర్థమయ్యేలా చెప్పగలిగితే ప్రొఫెసరుకి చెప్పడం ఎంతసేపమ్మా" అనేది. సగం తెలుగు, సగం హిందీ, ఇంగ్లీషు తాలింపు. హైమవతి సిగడీలో బొగ్గులు ఎగదోస్తూ వినేది. చదివింది ఏడో తరగతి, అదీ పరీక్షలకి ముందే పెళ్ళయింది. బ్యాంకంటే ఆమెకి ఇనపగ్రిల్లు వెనకాల కోపంగా కూర్చునే మనిషి. అలాంటిది ఆ జపానాయన పుట్టుక వినేసరికి అట్లకాడ చేతిలోనే ఉండిపోయింది. ఒక చిత్రకారుడికి, ఆ ఇంట్లో పనిచేసే చిన్నపిల్లకి పుట్టాడట. పురిటి తడి ఆరకముందే ఎవరో బీద సిపాయి కుటుంబానికి పెంపకానికి ఇచ్చేశారట. ఆ ఇంటి అవ్వ పెంచిందట. పదమూడేళ్ళకి అమెరికా పంపుతుంటే ఆ అవ్వ చేతిలో చిన్నకత్తి పెట్టిందట, ఒకరిని పొడవడానికి కాదురా, మానం పోయేలా ఉంటే నిన్ను నువ్వే పొడుచుకోవడానికి అని. "అదేం అవ్వే, కత్తిచ్చి పంపడమేటే!" అంది హైమవతి. "నువ్వయితే ఏటిస్తావమ్మా?" అంటే, "పంపనే పంపను" అంది ఠక్కున. బొగ్గు చిటపటమంది.

అక్కడ అమెరికాలో ఆ పిల్లాడి చేత ఏదో కాయితం మీద సంతకం పెట్టించారట. కొత్తింట్లో చదువు చెప్పిస్తారు కాబోలని పెట్టాడట. తీరా చూస్తే అది మూడేళ్ళు ఊడిగానికి తనని తాను అమ్ముకున్న పత్రం. ఆ కథ విన్న దగ్గర్నుంచీ హైమవతికి కాయితాలంటే దడ. మొన్న బ్యాంకు నుంచి ఛాయకి ఆర్డరు వచ్చినప్పుడు ఇల్లంతా మిఠాయిలూ కేరింతలూ అయితే తను మాత్రం ఆ కాయితం తీసుకుని గురుమూర్తిగారింటికి పరుగెత్తింది. "అన్నయ్యగారూ, ఒక్కక్షరం వదలకుండా చదవండి. ఎక్కడా అమ్మేసినట్టు లేదు కదా?" ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని మొదటినుంచి చివరిదాకా చదివి, "లేదు చెల్లెమ్మా, కొనుక్కున్నట్టే ఉంది, అదీ మంచి ధరకి" అన్నారు. ఇంటికొచ్చాక ఆ ధర మాట గుచ్చుకుని రెండ్రోజులు నిద్రపట్టలేదు.

ఆ తాతగారి మొహం పుస్తకంలో ఉంది. గుండ్రటి మొహం, తెల్లగడ్డం. వాళ్ళ దేశంలో ఎటు తోసినా పడి మళ్ళీ లేచి కూర్చునే బొమ్మ ఒకటుంటుందట, జనం ఆయన్ని ఆ బొమ్మ పేరుతో పిలిచేవారట. పడ్డాడు కూడా, తాగుడుకి పడ్డాడు, ఉద్యోగం పోగొట్టుకుని పాటకత్తెల వెంట వాళ్ళ వాద్యాల పెట్టె మోశాడు, ఎక్కడో సముద్రాలవతల వెండిగని ఉందని ఉన్నదంతా ఊడ్చి పెడితే అది ఎప్పుడో తవ్వేసిన గని. ఇల్లు పోయింది. మళ్ళీ లేచాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషి, బ్యాంకుకి కొత్త భవనం కడుతుంటే మేస్త్రీల మీద అజమాయిషీ చేసే చిన్న ఉద్యోగంలో చేరాడట. ఆ బ్యాంకుకే తరవాత గవర్నరయ్యాడు, తరవాత మంత్రి, ఓ ఏడు నెలలు ప్రధానమంత్రి కూడా. ఇదంతా విన్నప్పుడు హైమవతికి ఆయన మీద గౌరవం కంటే ఆయన పెళ్ళాం మీద జాలి ఎక్కువ కలిగింది. ఇన్నిసార్లు పడేవాడితో కాపురం ఎలా చేసిందో తల్లి! ఆవిడ గురించి ఇంకేమైనా రాశారేటే అని వెయ్యిసార్లు అడిగితే, ఒకరోజు ఛాయ నవ్వుతూ చెప్పింది. ఆ తాతగారికి లండనులో పరిచయమైన అమెరికా షావుకారొకాయన జపాను వచ్చి, వాళ్ళతో భోంచేస్తూ, పదిహేనేళ్ళ కూతుర్ని చూసి, నువ్వోసారి మా దేశం రావాలమ్మా అన్నాడట, మర్యాదకి. మర్నాడు ఈయన వెళ్ళి, మా ఆవిడా నేనూ ఆలోచించుకున్నాం, పిల్లని పంపిస్తాం అన్నాడట. పాపం ఆ షావుకారు నోరు తెరిచి, తేరుకుని, తీసుకెళ్ళాడట. మూడేళ్ళు! ఛాయ పడీపడీ నవ్వింది. హైమవతికి నవ్వు రాలేదు. ఆ రాత్రి ఆవిడేం ఆలోచించుకుని ఉంటుంది? అది ఉత్త మర్యాద మాటేనని ఆడదానికి తెలియకుండా ఉంటుందా? తెలిసీ పంపిందా? ఓడ రేవులో ఆవిడ మొహం ఎలా పెట్టుకుని నిలబడి ఉంటుంది? పుస్తకంలో ఆ మొహం లేదు, తాతగారి గడ్డమే ఉంది అన్ని పేజీల్లోనూ. ఇవాళ ఈ దుర్గ్ ప్లాట్‌ఫారం మీద, ముక్కూమొహం తెలియని ఆవిడ వచ్చి తన పక్కన నిలబడ్డట్టుంది, పట్టుకో అమ్మా, ఇంకాస్సేపు పట్టుకో అన్నట్టుంది.

పట్టుకోవడం నేర్పిందీ ఆ తాతగారే. అక్కడి మంత్రి ఎవరో నిండుసభలో నోరుజారి, ఇంకా మునగని బ్యాంకు మునిగిపోయిందన్నాడట. అంతే, జనం గుండెలు బాదుకుంటూ బ్యాంకుల మీద పడ్డారు, ఈ బ్యాంకూ ఆ బ్యాంకూ అని లేదు. వింటూనే హైమవతి ఆ జనంలోకి వెళ్ళిపోయింది. వరసలో ముందు నిలబడింది తనే, చంటిపిల్లని చంకనేసుకుని, కొంగు బిగించి, పోయింది పోయింది అని పక్కావిడ చెవిలో ఊదుతున్నదీ తనే. అప్పటికి డెబ్భై దాటి ఇంటిపట్టున ఉన్న తాతగారిని బతిమాలి ఆర్థికమంత్రిగా తీసుకొచ్చారు. ఆయన బ్యాంకులన్నీ కొన్నాళ్ళు మూయించి, ఈలోగా నోట్లు అచ్చేయించాడు. రెండువైపులా వేసే వ్యవధి లేదు. ఒకవైపే వేశారు, వెనక తెల్లగా వదిలేశారు. తలుపులు తెరిచిన రోజున ఆ నోట్ల కట్టలు కౌంటర్ల మీద గోడ కట్టినట్టు పేర్చి ఉన్నాయి. జనం వచ్చారు, చూశారు, ఉందిలే అనుకున్నారు, ఇళ్ళకి పోయారు. "అంతేనేటే?" అంది హైమవతి. "అంతేనమ్మా." "వెనక్కి తిప్పి ఎవరూ చూడలేదేటి?" ఛాయ కాస్త ఆలోచించింది. "తిప్పితే మాత్రమేటి? అది నకిలీ కాదు కదమ్మా. అసలు నోటే. ఇంకోవైపు అచ్చెయ్యడానికి టైం లేదు, బస్." ఆ మాట హైమవతి లోపల ఎక్కడో పోపుల డబ్బా వెనకాల దాచుకున్న చిల్లరలా ఉండిపోయింది.

"అమ్మా, రేగ్గాయ తింటావా?"

"పెట్టు." పుల్లటి పండు. మొహం పులుపుకి వంకర తిరిగితే ఛాయ చప్పున చూసింది. "పులుపే తల్లీ, పులుపు" అంది హైమవతి. పిల్ల నవ్వింది. గండం గడిచింది.

కథ అక్కడితో ఆగిపోయి ఉంటే బాగుండేది. ఛాయ ఆపేసింది కూడా. తరవాతేమయిందే తాతగారికి అంటే, ముసలాయనయ్యాడమ్మా అని పుస్తకం మూసేది. కిందటి పుష్యమాసంలో, ఆర్డరొచ్చిన కొత్తలో, గురుమూర్తిగారు ఆ పుస్తకం ఛాయనే ఉంచేసుకోమని చెప్పడానికొచ్చి, కాఫీ అందుకుంటూ, "ఎంతటి మనిషమ్మా! సైన్యానికి అంత డబ్బు ఇవ్వడం కుదరదన్నందుకు కుర్ర ఆఫీసర్లే తెల్లారకుండా ఇంట్లో చొరబడి చంపేశారు. పక్కమీదున్న ఎనభయ్యేళ్ళ ముసలాణ్ణి. బయటంతా మంచు కురుస్తోందట" అన్నారు. అని ఆమె మొహం చూసి ఆగారు. "ఛాయ... చెప్పలేదేటమ్మా?" "ఎందుకు చెప్పదన్నయ్యగారూ, చెప్పింది. కాఫీలో చక్కెర సరిపోయిందా?" అంది హైమవతి. జీవితంలో ఆమె మొదటిసారి పేర్చిన నోట్లకట్ట అదే. ఆయన వెళ్ళాక గోడకి చేరబడిపోయింది. అంటే, ఏడాదిగా తన కూతురు పొద్దుగూకులూ తల్చుకుంటున్నది దుర్మరణం పాలైన మనిషిని. ఇంటర్వ్యూలో కూడా ఆయన గురించే చెప్పి ఉద్యోగం తెచ్చుకుంది. అవతల ఆయన ఆత్మ ఎక్కడ తిరుగుతోందో, ఏ మంచులోనో. బ్యాంకు నౌకరీ ఇలాంటిదన్నమాట, కుదరదు అని ఒక్క మాట చెప్పవలసి వచ్చే నౌకరీ. మరి ఈ పిల్ల చిన్నప్పటి నుంచీ అదొక్క మాటా నిక్కచ్చిగా చెప్పే రకం! చెప్పొద్దనాలనిపించింది, వెళ్ళొద్దనాలనిపించింది, ఒళ్ళు వేడెక్కుతున్నట్టు కూడా అనిపించింది. అప్పుడు తట్టింది, పిల్ల ఈ సంగతి ఎందుకు దాచిందో. తను భయపడుతుందని. కట్టల వెనకవైపు తల్లికి కనబడకుండా ఇన్నాళ్ళూ అదీ మోస్తోంది, తనకన్నా ముందునుంచీ.

ఎవరికీ చెప్పలేదు. అమావాస్యనాడు బియ్యం, పెసరపప్పు, అరటికాయలు, కందముక్క, బెల్లం, నెయ్యి సంచిలో వేసుకుని గుడికి వెళ్ళింది, స్వయంపాకం ఇద్దామని. మనకిష్టమైన పెద్దలు పోయినప్పుడు వాళ్ళ పేరు చెప్పి ఇస్తే వాళ్ళ ఆకలి తీరుతుందంటారు. అక్కడి పంతులుగారు శ్రీకూర్మం వైపు మనిషి. "ఎవరి పేరునమ్మా?" అన్నారు. బియ్యం చెరుగుతున్నంతసేపూ బట్టీపట్టిన పేరు నోట్లో ఇరుక్కుపోయింది. "జపాను తాతగారండీ. బ్యాంకులో పెద్దాయన. మా అమ్మాయికి... చదువులో పెద్ద దిక్కు." పంతులుగారు ఆమెకేసి కాస్సేపు చూశారు. నవ్వుతారేమో అనుకుంది. "గోత్రం?" అన్నారు. ఆమె తెల్లమొహం వేసింది. "తెలీదా? అయితే కాశ్యపమే. గోత్రం తెలీని వాళ్ళందరికీ ఆయనే దిక్కు. జపానోళ్ళకి మాత్రం వేరే దిక్కుందేటి" అని, చేతిలో నీళ్ళొదలమన్నారు. వదిలింది. ఇంటికొచ్చాక కాస్త తేలికపడింది, ఆయన ఎక్కడో మంచులో కాకుండా ఇప్పుడు ఏదో ఒక ఇంటికి చెందిన మనిషి అయ్యాడు కదా అని.

గంట మోగింది. కూలీలు లేచి తలపాగాలు బిగించుకుంటున్నారు. మెయిలు కుమ్హారి ఎప్పుడో దాటింది, ఆమెకి తెలిసిన గుంటలన్నీ దాటి వచ్చేస్తోంది. సత్యమూర్తి ట్రంకు పెట్టె ఎత్తబోతే ఛాయ లేవలేదు. పెట్టె అంచుని రెండు చేతులా పట్టుకుని అలాగే కూర్చుంది.

"లెగు తల్లీ, బండొచ్చేస్తంది" అన్నాడు సత్యమూర్తి.

"పప్పా, ఏక్ మినట్." గొంతు మారింది. తల్లివైపు చూసింది, ఈసారి మొహం కనిపెట్టడానికి కాదు. "అమ్మా... నాకెందుకో వొణుకొస్తంది. అక్కడ నాకెవరూ తెలీదు. నేను చెయ్యలేనేమో. వచ్చే నెల వెళ్తానని రాసేద్దామా?"

అదిగో, తను ఏమీ అనకుండానే, జ్వరం తెచ్చుకోకుండానే, అడుగుతోంది. ఊఁ అంటే చాలు. ఒక్క ఊఁ. ముగ్గురూ టెంపో ఎక్కి ఇంటికెళ్ళిపోతారు, అన్నం వండుకుంటుంది, రాత్రి పిల్ల పక్కన పడుకుంటుంది, ఏ సైన్యమూ రాదు. ఆ ఊఁ గొంతుదాకా వచ్చింది. నుదుటి మీద ఎప్పటిదో తడిగుడ్డ చల్లగా తగిలింది. పిల్ల చేతులు పట్టుకుంది, మంచుముక్కల్లా ఉన్నాయి. తన చేతులూ అలాగే ఉన్నాయి కాబట్టి తేడా తెలియలేదు ఎవరికీ.

"ఏటే, జనం బ్యాంకు మీద పడ్డప్పుడు తాతగారేం చేశారని చెప్పేవు?"

"అమ్మా, ఇప్పుడా?"

"చెప్పవే. మర్చిపోయేను."

"నోట్లు... అచ్చేయించాడు."

"ఎన్నివైపులా?"

ఛాయ తల్లి మొహంలోకి చూసింది. నుదుట గుండ్రటి కుంకుమబొట్టు, తీరైన కాటుక, తిన్నని కనుబొమ్మలు, రవ్వంత నవ్వు. ఎక్కడా ముడత లేదు. చాలాసేపు చూసింది. వరసలో నిలబడి, కౌంటరు మీది కట్టల్ని చూసి, ఉందిలే అనుకున్నట్టుగా ఊపిరి వదిలింది. "ఒకవైపే" అంది. లేచి నిలబడి, ట్రంకు పెట్టెకి రెండోపక్క తనే చెయ్యి వేసింది.

రైలు ఆగింది, తోపులాట, కేకలు, "సరకో భయ్యా, సరకో", సత్యమూర్తి పెట్టె సీటు కింద తోసి, గొలుసు వేసి, తాళంచెవి పిల్ల చేతిలో పెట్టి దిగాడు. కూజా కిటికీ పక్కన ఆనింది. ఊచలకి అవతల ఛాయ, ఇవతల హైమవతి. చెప్పవలసినవన్నీ అయిపోయాయి, సీటు మారకు, ఎవరిచ్చినా తినకు, చేరగానే టెలిగ్రాం. ఇంజను కూత వేసింది. అప్పుడడిగింది, ఎందుకడిగిందో తనకే తెలియదు.

"అవునే, ఆ తాతగారు ఆఖరికి ఎలా పోయేరే? చెప్పనే లేదు."

ఛాయ కళ్ళు ఒక్క క్షణం రెపరెపలాడాయి. "ఎనభై దాటేకే పోయేడమ్మా. వాళ్ళింట్లోనే. పక్కమీదే."

ప్రతి మాటా నిజమే. ఒక్కటీ నకిలీ కాదు. హైమవతి ఆ మాటల్ని అందుకుని, తిప్పి చూడకుండా, అలాగే కొంగున ముడేసుకుంది.

"మంచి చావు" అంది. "పుణ్యాత్ముడు."

బండి కదిలింది. ఛాయ చెయ్యూపింది, హైమవతి ఊపింది. కిటికీలో మొహం చిన్నదై, చుక్కై, చివరి పెట్టె వెనక ఎర్రదుమ్ములో కలిసిపోయేదాకా ఊపింది. అప్పుడు స్తంభం వైపు తిరిగి, దాన్ని వాటేసుకున్నట్టుగా నుదురు ఆనించింది. భుజాలు మాత్రం కదిలాయి. సత్యమూర్తి దగ్గరికి రాబోయి ఆగిపోయి, రుమాలు తీసి తన మొహమే తుడుచుకున్నాడు.

"గురుమూర్తి నన్ను గెలిచేశాడే" అన్నాడు కాస్సేపయ్యాక. "నువ్వు పిల్ల ముందే ఏడుస్తావని నేను, ఏడవదని ఆయనా. కాఫీ పందెం."

ఆమె కళ్ళు తుడుచుకుని పట్టాల కేసి చూస్తోంది, అవి ఇంకా సన్నగా పలుకుతున్నాయి. పెదవులు కదులుతున్నాయి. రాజనందగాఁవ్, డోంగర్‌గఢ్, గోందియా, ఒక్కో ఊరినీ పూజాద్రవ్యంలా ఎవరి చేతుల్లోనో పెడుతోంది. నాగపూర్ దగ్గర ఆగింది. "ఆ తరవాతివి నాకు తెలీవండీ. మీరే చూసుకోవాలి. మీకు ఓడలే అలవాటు, రైలెంత" అంది, కాస్త పైకే.

"ఎవరితోనే ఆ మాటలు?" అన్నాడు సత్యమూర్తి.

"మనవాళ్ళే లెండి" అంది హైమవతి, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ. "కాశ్యప గోత్రం."